నీటి గీత కింద

మొన్న భవానీపురం నుంచి గవర్నర్‌పేట వెళ్తుంటే కాలవ వంతెన మీద ఆటో ఆగిపోయింది. ముందు సిటీ బస్సు, దాని ముందు ఇంకేదో. ఎండ ఇంకా నెత్తి మీదికి రాలేదు గానీ వేడి అప్పుడే మొదలైంది. తల పక్కకి తిప్పగానే ముందు వాసన తగిలింది, ఆ తర్వాత కాలవ కనబడింది. నీళ్ళు లేని కాలవ. ఎండిన బురద, చచ్చిన చేప, గుర్రపుడెక్క వేళ్ళు, వాటి అడుగున ఎక్కడో తడి ఇసక. నా చిన్నప్పుడు ఈ ఊళ్ళో వేసవి వాసన అంటే అదే. ఇప్పుడు దాంట్లో ప్లాస్టిక్ కవర్ల కంపు కూడా కలిసింది.

కాలవ అడుగున పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు. వంతెన స్తంభం మీద సుద్దముక్కతో గీతలు గీసి అవే వికెట్లంటున్నారు. ఆ గీతలకి పైన, ఆ పిల్లల తలలకి కూడా పైన, స్తంభం చుట్టూ నల్లటి పాచి చార ఒకటి ఉంది. పిల్లలెవరూ దాన్ని చూడటం లేదు. నేను దాన్ని తప్ప ఇంకేమీ చూడలేకపోయాను.

"కాలవలు కట్టేశారా బాబూ?" అన్నాను.

"కట్టేసి చాలా రోజులైందండి. పూడిక తీశారుగా. రేపో ఎల్లుండో వదిలేస్తారంట నీళ్ళు," అన్నాడు ఆటో అబ్బాయి, ఫోన్ చూసుకుంటూ.

అతను ఆ మాట అన్న తీరు నాకు నచ్చలేదు. రేపు కూరగాయల బండి వస్తుందన్నంత తేలిగ్గా అన్నాడు. నేను ఆటో కడ్డీ పట్టుకున్నాను. ఈ ఊళ్ళోనే పుట్టి, ఈ ఊళ్ళోనే ముసలిదాన్నయ్యాను. వరదలు చూశాను, తుఫాన్లు చూశాను. కాలవలోకి నీళ్ళు వదులుతారనే మాటకి మాత్రం ఇప్పటికీ నా ఒళ్ళు నా మాట వినదు.

మాది నేతపని చేసే కుటుంబం. ఏలూరు కాలవ గట్టు పక్కన మా వీధి. వీధి అంటే పెద్దదేం కాదు, ఎదురెదురుగా పెంకుటిళ్ళు, ప్రతి ఇంట్లోనూ నేలలో గొయ్యి తవ్వి దించిన గుంట మగ్గం. పొద్దున్నే ఒక ఇంట్లో మగ్గం చప్పుడు మొదలైతే పక్కింట్లో అందుకునేది. మా ఇంట్లో తాతయ్య, నాయనమ్మ, నాన్న, అమ్మ, నేను. మగ్గం మీద తాతయ్య, నాన్న మార్చి మార్చి కూర్చునేవాళ్ళు. కండెలకి నూలు చుట్టడం అమ్మ పని. నాయనమ్మ పని అందరి పనుల్లోనూ తప్పులు పట్టడం.

బట్ట నెయ్యాలంటే ముందు పడుగు సిద్ధం కావాలి. నిలువు పోగులన్నీ ఒక్కచోట చేర్చి, వీధి పొడుగునా సాగదీసి కట్టి, గంజి పట్టించి, అది ఆరేదాకా ఇద్దరు మనుషులు రెండు వైపులా నిలబడి పెద్ద కుంచెతో దువ్వుతూ ఉండాలి. మధ్యలో ఆపడానికి వీల్లేదు. ఆపితే గంజి బిగుసుకుపోయి పోగుకి పోగు అతుక్కుంటుంది. ఇంక దాన్ని దేవుడు కూడా విడదీయలేడు. గంజి పెట్టాక ఇంట్లో ఎవరికి ఏమొచ్చినా సరే పడుగు దగ్గర్నుంచి కదలకూడదని మా తాతయ్య శాసనం. ఆయన తండ్రి చచ్చిపోయాడన్న కబురు కూడా గంజి ఆరాకే విన్నానని చెప్పుకునేవాడు. గొప్పగా చెప్పేవాడో బాధగా చెప్పేవాడో నాకు అప్పుడు తెలియలేదు.

మా వీధికి తారు వేశారు. వెనకే సిటీ బస్సు వచ్చింది. ఊరు పెరుగుతోందని అందరూ సంతోషించారు. పడుగు వేసుకోవడానికి మాత్రం చోటు లేకుండా పోయింది. తాతయ్య పడుగు చంకన పెట్టుకుని మార్కెట్టు వెనక ఖాళీ స్థలాల్లో, స్కూలు గోడ పక్కన తిరిగేవాడు. చివరికి ఆయన కన్ను కాలవ మీద పడింది.

ప్రతి వేసవిలో పంటలు చేతికొచ్చాక కాలవలు కట్టేసేవాళ్ళు. కొన్నాళ్ళకి అడుగు ఆరేది. అటూ ఇటూ గట్ల మీద చెట్ల నీడ, అడుగున చదునైన ఇసక, బస్సు రాదు, బండి రాదు. పడుగు వేసుకోవడానికి అంత తిన్నని చోటు ఊరు మొత్తంలో ఇంకోటి లేదన్నాడు తాతయ్య. లాకుల దగ్గర పనిచేసే లస్కరు ఒకాయన మా వీధి చివరే ఉండేవాడు. గేట్లు ఎత్తడం, దించడం, గట్లు చూసుకోవడం ఆయన ఉద్యోగం. ఆయన్ని నేను బాబాయి అనేదాన్ని. "వేసుకోండి బాబాయిగారూ, వదిలే ముందు నేనే వచ్చి చెబుతాగా," అని తాతయ్యకి మాటిచ్చాడు. అంతే, వేసవి వచ్చిందంటే మా పడుగులన్నీ కాలవలోనే.

మిగతా పిల్లలకి ఆ రోజులు పండగ. గుంటల్లో మిగిలిన నీళ్ళలో తువ్వాలు పరిచి చేపలు పట్టేవాళ్ళు. వంతెన కింద ఇసక తవ్వితే చిల్లర డబ్బులు దొరికేవి, జనం ఏళ్ళ తరబడి మొక్కుకుని పైనుంచి వేసినవి. నాకోసారి ఇత్తడి మువ్వ దొరికింది. దాన్ని గౌను జేబులో వేసుకుని నడుస్తుంటే ఎక్కడ చప్పుడవుతుందోనని రోజంతా జేబు పట్టుకునే తిరిగాను. ముంజలు తిని తొక్కలు అందులోకే విసిరేవాళ్ళం. గట్టు మీద ఇళ్ళ నుంచి ఆవకాయకి దంచుతున్న ఆవపిండి ఘాటు దిగేది. ఇవన్నీ నాకూ ఇష్టమే. కానీ కాలవ అడుగున నిలబడ్డ ప్రతిసారీ నా కళ్ళు స్తంభం మీదికి పోయేవి. ఆ నల్లటి గీత మీదికి.

"అదేంటి తాతయ్యా?" అని ఒకసారి అడిగాను.

"నీటి గీత. కాలవ పారేటప్పుడు నీళ్ళు అక్కడి దాకా ఉంటాయన్నమాట," అన్నాడు. గంజి పెట్టని రోజు కాబట్టి ఆ మాట అనగలిగాడు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఆ గీత తాతయ్య తలపాగా కంటే పైన ఉండేది. అంటే నేను నిలబడ్డచోటు నీళ్ళ లోపలన్నమాట. ప్రస్తుతానికి నీళ్ళు లేవు, అంతే తేడా. అది తట్టిన క్షణం నుంచి అక్కడ నాకు ఊపిరి సరిగ్గా ఆడేది కాదు. తల పైకెత్తి గీత చూసి, ముక్కు మూసుకుని, ఎంతసేపు ఉండగలనో చూసుకునేదాన్ని. ఎక్కువసేపు ఉండలేకపోయేదాన్ని.

నా భయం ఇంట్లో తెలిసింది. నాన్న నెమ్మదస్తుడు. "చూస్తే పోతుందమ్మా భయం," అని సైకిల్ మీద ముందు కూర్చోబెట్టుకుని దుర్గమ్మ కొండ దిగువకి, కాలవలు మొదలయ్యే చోటికి తీసుకెళ్ళాడు. నది నుంచి కాలవలోకి నీళ్ళు వదిలే గేట్లు అక్కడ ఉంటాయి. "చూడు, ఎంత లావు తలుపులో. ఏనుగులు వచ్చి గుద్దినా కదలవు," అన్నాడు.

నేను పిట్టగోడ మీద నుంచి చూశాను. ఒక పక్క బ్యారేజీ వెనక ఆగిన కృష్ణ, అంచుల దాకా, కదలకుండా. ఇంకో పక్క ఎండిన గొయ్యి. ఆ గొయ్యే కొంచెం దూరం పోయి మా పడుగు వేసే చోటవుతుంది. మధ్యలో తలుపు. ఆ తలుపు అడుగు నుంచి నీళ్ళు సన్నగా, పోగంత మందాన కారుతున్నాయి. నాన్న వాటిని చూడలేదు. నేను చూశాను. ఇంటికొచ్చేటప్పుడు నిమ్మకాయ సోడా కొనిచ్చాడు. నాన్న తృప్తిగా సైకిల్ తొక్కుతుంటే, ఆ పోగు ఎంతకాలానికి తాడంత అవుతుందా అని నేను ఆలోచిస్తూ కూర్చున్నాను.

తాతయ్య దగ్గర ఊరి కబుర్లకి అంతులేదు. బ్యారేజీ రాకముందు అక్కడ దొరలు కట్టిన రాతి ఆనకట్ట ఉండేదట. ఈ కాలవల్లో ఒకప్పుడు ఇటు కాకినాడ దాకా, నది దాటి అటు మద్రాసు దాకా పడవలు నడిచేవట. వాళ్ళ నాన్న బట్టల మూటలతో పడవెక్కి, తిరిగొచ్చేసరికి గడ్డం పెరిగి ఉండేదట. వంతెన స్తంభానికి ఇనప రింగు ఒకటి ఉండేది, ఆ పడవలు కట్టేసుకోవడానికి బిగించినది. తాడు ఒరుసుకుని ఒరుసుకుని ఒక పక్క అరిగిపోయింది. మేం పడుగు ఒక కొసని ఆ రింగుకే కట్టేవాళ్ళం. "పడవ ఆగిన చోట పడుగు ఆగదా?" అనేవాడు.

నాయనమ్మ కబుర్లు వేరు. కృష్ణమ్మ ఒకసారి దుర్గమ్మ దగ్గర ముక్కుపుడక ఎరువడిగిందని, మళ్ళీ ఇవ్వలేదని, ఏదో ఒకనాడు నీళ్ళు కొండెక్కి అమ్మవారి ముక్కుపుడకని తాకుతాయని, ఆ రోజుతో అన్నీ అయిపోతాయని చెప్పేది. చెబుతూ తన ముక్కుపుడక తిప్పుకునేది. "ఎప్పుడు నాయనమ్మా?" అంటే, "మనకి చెప్పి వస్తుందేంటే," అనేది. ఆవిడకి అది కథ. నాకు మాత్రం గీతకి పైన ఇంకో గీత, దాని పైన ఇంకోటి, అలా కొండ మీద దాకా.

ఇప్పుడు ఆ మాట సంగతి. మా ఇళ్ళల్లో ఒక ఆచారం ఉండేది. పడుగు గంజితో తడిగా ఉన్నంతసేపు 'వాన' అనకూడదు, 'నీళ్ళు' అనకూడదు. అంటే వచ్చి పడతాయట, పడుగు పోతుందట. నీళ్ళు కావాలంటే "దాహం" అనాలి. చెయ్యి కడుక్కోవాలంటే సైగ చెయ్యాలి. నేను పుట్టిన ఏడాది ఎవరో చుట్టాలావిడ గంజి వేళకి వచ్చి "నీళ్ళ కరువుగా ఉందా అమ్మా ఇక్కడ?" అందట. కాసేపటికి కుంభవృష్టి. ఆవిడ పేరు మా ఇంట్లో మళ్ళీ ఎత్తలేదు. ఒకసారి నేను ఎవరూ లేనప్పుడు ఖాళీ గంజికుండలో నోరు పెట్టి "వాన" అని చెప్పి మూత పెట్టేశాను. ఏమవుతుందో చూద్దామని. ఆ సాయంత్రం నాయనమ్మ మూత తీస్తుంటే వీధిలోకి పరుగెత్తి ఆకాశం చూశాను. ఏమీ కాలేదు. అయినా చాలారోజులు ఆ కుండ దగ్గరికి పోలేదు.

కాలవలో నాకూ ఒక పని ఉండేది. పడుగు ఒక కొస రింగుకి కట్టారు, మరి రెండో కొస? ఇసకలో గుంజ పాతితే నిలవదు. అందుకని ఒక మొద్దు చెక్కకి కొబ్బరితాడుతో కట్టి, చెక్క మీద రాళ్ళు పేర్చి, వాటి పక్కన నన్ను కూర్చోబెట్టేవాళ్ళు, బరువుకి. "నువ్వు లేచావంటే పడుగు సడలుతుంది. సడలితే ఇసక తాకుతుంది. తాకితే చెడుతుంది. తెలిసిందా?" అనేవాడు తాతయ్య. తెలిసింది. పెద్దవాళ్ళందరి చూపూ పోగుల మీదే ఉండేది. నా చూపు మాత్రం ఎదురుగా పడుగు మీదుగా పోయి, వంతెన కిందగా, కొండ వైపుకి, నీళ్ళు వచ్చే దిక్కుకి పోయేది. కదలకూడదు, ఆ మాట అనకూడదు, చూస్తూ కూర్చోవాలి.

ఒక ఏడాది వేసవిలో ఆఖరి పడుగు అది. కాలవలు వదిలేలోగా ఇంకొక్కటి అయిపోతే శ్రావణం దాకా మగ్గానికి పని ఉంటుందని తాతయ్య పట్టుబట్టాడు. తెల్లవారుతుండగా దిగాం. గంజి పెట్టారు. తాతయ్య, నాన్న చెరోపక్కన కుంచె పట్టుకుని దువ్వుతున్నారు, అమ్మ తెగిన పోగులు ముడేస్తోంది. నాయనమ్మ ఇంటి దగ్గర ఆగిపోయి, చాలా ఆలస్యంగా చద్దన్నం గిన్నెతో గట్టు మీదికి వచ్చింది.

ప్రతిసారీ కిందికి దిగి పోగులు చూసి ఏదో ఒక వంక పెట్టే మనిషి, ఆ రోజు దిగలేదు. గట్టు మీదే నిలబడింది.

"త్వరగా కానివ్వండి," అంది.

"గంజి మనం తొందరపెడితే ఆరదు," అన్నాడు తాతయ్య.

కాసేపాగి మళ్ళీ, "అవుతోందా?" అంది. ఇంకాసేపటికి, "పిల్లని పైకి పంపండి, అన్నం పెడతాను," అంది.

"పిల్ల లేస్తే పడుగు ఏం కావాలి? బుద్ధుందా నీకు?" అని తాతయ్య కసిరాడు. నాయనమ్మ మాట పడే మనిషి కాదు. ఆ రోజు పడింది.

అప్పుడు చూశాను. నాయనమ్మ కూడా నేను చూస్తున్న వైపే చూస్తోంది. కొండ వైపుకి. ఒకసారి పడుగుని చూస్తుంది, ఒకసారి అటు చూస్తుంది, ముక్కుపుడక తిప్పుకుంటుంది. ఇన్నాళ్ళూ ఆ భయం నా ఒక్కదానిదే అనుకున్నాను. పెద్దవాళ్ళు నవ్వే భయం కాబట్టి అది నిజం కాదని ఎక్కడో ఒక ధైర్యం ఉండేది. నాయనమ్మ మొహం చూశాక ఆ ధైర్యం పోయింది.

ముందు వచ్చినవి నీళ్ళు కావు. వంతెన కిందనుంచి ఒక పందికొక్కు పరుగెత్తుకుంటూ వచ్చింది. దాని వెనక ఇంకోటి. తర్వాత తేళ్ళు, జెర్రులు, చిన్న చిన్న కప్పలు, అన్నీ ఒకే వైపుకి. ఒక పాము మెలికలు తిరుగుతూ గట్టు ఎక్కబోయి జారింది. నా చెక్కకి కొద్ది దూరంలోంచి అవి పోతుంటే కాళ్ళు పైకి ముడుచుకున్నాను, లేవలేదు. తాతయ్యా వాళ్ళూ కుంచె చూసుకుంటున్నారు.

తర్వాత నురగ వచ్చింది. కాలవ మొత్తం వెడల్పున, ఎండుటాకులు, పుల్లలు, చెప్పులు ముందు తోసుకుంటూ, గోధుమరంగు నురగ. వరద లాగా మీద పడలేదు. పాకుతూ వచ్చింది. ఇసక కాస్త తాగేది, నురగ ఆగేది, మళ్ళీ ముందుకు జరిగేది. చప్పుడు లేదు, చిటపటమని ఇసక పీల్చుకునే చప్పుడు తప్ప.

అరవాలి. నోరు తెరిచాను. ఆ మాట నాలుక దాకా వచ్చి ఆగిపోయింది. పడుగు ఇంకా తడిగా ఉంది. అంటే ఏమవుతుందో నాకు చిన్నప్పట్నుంచీ చెప్పారు. కళ్ళ ముందు అవి వస్తూనే ఉన్నాయి, అయినా నేను పేరు పెట్టి పిలిస్తేనే నిజంగా వస్తాయని నాకు నమ్మకం. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ అప్పుడు నిజంగానే నోరు మూసేసుకున్నాను. నాయనమ్మ వైపు చూశాను, ఆవిడైనా అంటుందని. నాయనమ్మ పమిట చెంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది.

నురగ రింగున్న స్తంభాన్ని తాకింది. నేను లేచి నిలబడ్డాను.

చెక్క జరిగింది, రాళ్ళు దొర్లాయి, పడుగు మొత్తం పొడుగునా ఒక్కసారి సడలి ఇసక మీద పడింది. తాతయ్య తలెత్తాడు. ఆయన మొహంలో అంత కోపం నేను ఎప్పుడూ చూడలేదు. కుంచె ఎత్తి నా మీదికి వచ్చాడు. నేను చెయ్యెత్తి ఆయన వెనక్కి చూపించాను. ఆయన తిరిగి చూశాడు.

ఆ తర్వాత అంతా ఒక్కసారే జరిగింది. నాన్న అమ్మని గట్టు వైపు తోశాడు. తాతయ్య పడుగు కొస పట్టుకుని చుట్టబోయాడు. వెనక వస్తున్న నీళ్ళు నురగలా నెమ్మదైనవి కావు. పిక్కల దాకా, వెంటనే మోకాళ్ళ దాకా వచ్చాయి. నేను పరుగెత్తబోయి బోర్లాపడ్డాను. చెక్కకి కట్టిన కొబ్బరితాడు నా చీలమండకి మెలిపడింది. చెక్క తేలి నీటివాలుకి పోతోంది, పడుగు అటు రింగు దగ్గర బిగిసి ఉంది, మధ్యలో నా కాలు. లేచి నిలబడబోయిన ప్రతిసారీ తాడు లాగేస్తోంది. నోట్లోకి నీళ్ళు వచ్చాయి, బురద రుచి, గంజి రుచి. తల ఎత్తితే స్తంభం మీద నల్లటి గీత కనబడింది. ఎప్పుడూ లేనంత ఎత్తులో.

నాన్న వచ్చి నన్ను పైకి ఎత్తి పట్టుకున్నాడు. ఒక చేత్తో ముడి లాగుతున్నాడు, తడిసిన తాడు ఇంకా బిగుసుకుంటోంది. "నాన్నా, ముడి రావట్లేదు నాన్నా," అన్నాడు తాతయ్యతో.

తాతయ్య మొలలో ఎప్పుడూ ఒక చిన్న కత్తి ఉండేది, పోగులు కోసుకునేది. ఆ కత్తికి కొబ్బరితాడు తెగదు. దానికి పోగులే తెగుతాయి. ఆయన నడుము లోతు నీళ్ళలో నిలబడి, బిగిసి ఉన్న పడుగుని ఒక చేత్తో దగ్గరికి పట్టుకున్నాడు. ఒక్క పోగు తెగితే పని ఆపి ముడేసి గానీ కదలని మనిషి. పడుగు మీదుగా నడవబోతే కోడినైనా క్షమించని మనిషి. అడ్డంగా కోశాడు. ఒకసారికి తెగలేదు. మళ్ళీ కోశాడు, మళ్ళీ కోశాడు, నోటితో ఏదో అంటూ. దేవుణ్ణి తలుచుకుంటున్నాడో తిడుతున్నాడో తెలియలేదు.

తెగగానే కాలి దగ్గర లాగుడు ఆగిపోయింది. నాన్న నన్ను, చెక్కని, తాడుని కలిపి గట్టు మీద పడేశాడు. తాతయ్యని అప్పుడే గట్టు వెంట పరుగెత్తుకొచ్చిన లస్కరు బాబాయి, ఇంకెవరో చెయ్యందించి లాగారు. కిందికి చూస్తే రింగుకి కట్టిన పడుగు నీళ్ళ మీద విడిపోయి సాగుతోంది. గంజి కడిగేసుకుపోయి ఏ పోగుకి ఆ పోగు తెల్లగా విచ్చుకుని, కాలవంత వెడల్పున. వీధి వీధంతా గట్టు మీదికి వచ్చి చూసింది.

ఇంటికొచ్చాక నా చీలమండకి పసుపు రాశారు. ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. కోసిన పడుగంటే మా వాళ్ళకి ఇంట్లో మనిషి పోయినంత. ఖాళీ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని తాతయ్య కూర్చున్నాడు, నేసేటప్పుడు కూర్చున్నట్టే.

సాయంత్రం లస్కరు బాబాయి వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి, "దిగువ ఊళ్ళలో తాగడానికి లేక చెరువులు నింపాలని, ముందే వదలమన్నారండి. పొద్దున్నే వచ్చి పిన్నిగారికి చెప్పానుగా. మీరు దిగరనే అనుకున్నాను," అన్నాడు.

అందరం నాయనమ్మ వైపు చూశాం. ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నేలని చూస్తూ అంది: "అప్పటికే గంజి పెట్టేశారు. ఆ మాట ఎలా అనను? ఎండెక్కేదాకా రావనుకున్నాను. ఆరగానే చెబుదామని నిలబడ్డాను. త్వరగా కానివ్వమన్నానుగా. పిల్లని పైకి పంపమన్నానుగా."

అమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది. తాతయ్య కోపం తెలిసినవాళ్ళం కాబట్టి అందరం ఆయన్నే చూస్తున్నాం. నాకు పొద్దున నురగని చూసినప్పటి భయం మళ్ళీ వేసింది.

తాతయ్య గుంటలోంచి లేచాడు. వంటింట్లోకి పోయి కుండలోంచి గ్లాసు ముంచుకొచ్చాడు. నాయనమ్మ ముందు గొంతుక్కూర్చుని, గ్లాసు నేల మీద పెట్టాడు.

"ఏంటివి?" అన్నాడు.

నాయనమ్మ తలెత్తి చూసింది.

"పేరు చెప్పు."

ఆవిడ మొహం గోడ వైపు తిప్పుకుంది. తాతయ్య కసురుకోలేదు. అలాగే కూర్చున్నాడు. కాసేపటికి, "నీళ్ళు," అంది, చిన్నపిల్లలా.

"తాగు," అన్నాడు. ఆవిడ తాగింది. ఆయన అదే గ్లాసు మళ్ళీ ముంచి నా దగ్గరికి తెచ్చాడు. నా మొహం చూసి నన్ను అడగలేదు. తనే అన్నాడు, "నీళ్ళమ్మా. నీళ్ళు." అంటూ అందిస్తుంటే గ్లాసు సగం నా ఒళ్ళో ఒలికింది. మా ఇంట్లో ఆ ఆచారం ఆ సాయంత్రంతో పోయింది.

తాతయ్య మళ్ళీ కాలవలోకి దిగలేదు. ఆ శ్రావణానికి నాన్న వన్‌టౌన్‌లో బట్టల కొట్లో పనికి కుదిరాడు. కొన్నేళ్ళకి మగ్గం గుంట పూడ్చి, మీద గచ్చు చేయించారు. మంచం వేసుకోవడానికి చోటొచ్చిందని అమ్మ సంతోషించింది. తాతయ్య మాత్రం ఆ గచ్చు మీద కాలు పెట్టకుండా చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. ఇప్పుడు ఆ వీధి లేదు. మా ఇల్లున్న చోట సెల్‌ఫోన్లు బాగుచేసే కాంప్లెక్సు ఉంది. వంతెన ఉంది. రింగు ఉందో లేదో ఆటోలోంచి కనబడలేదు.

మొన్న ఆటోలో కూర్చుని ఇదంతా తలుచుకోలేదు. అంత తీరిక ఎక్కడిది? బస్సు కదిలింది, ఆటో అబ్బాయి గేరు వేశాడు. "ఆపు," అన్నాను. దిగి, వంతెన పిట్టగోడ పట్టుకుని, కిందికి వంగి అరిచాను. ఈ వయసులో నాకు అంత గొంతుందని నాకే తెలియదు.

"నీళ్ళు!"

పిల్లలు తలెత్తి చూశారు. బౌలింగ్ చేస్తున్నవాడు చెయ్యి గాల్లోనే ఆపాడు. "రేపండీ మామ్మగారూ," అన్నాడు ఒకడు, నవ్వుతూ. వెనక హారన్లు మోగుతున్నాయి. ఆటో అబ్బాయి దిగివచ్చి, "ఏమైందమ్మగారూ, రేపో ఎల్లుండో అనేగా చెప్పాను," అంటున్నాడు.

నేను కదల్లేదు. పిల్లలు కాసేపు నా వంక, కాసేపు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ముసలావిడ పోయేట్టు లేదని తేలాక బ్యాటు తీసుకుని విసుక్కుంటూ ఒక్కొక్కళ్ళే గట్టెక్కారు. ఆఖరివాడు గౌనంత పొడుగు చొక్కా వేసుకున్న చిన్నవాడు. వాడి కాలు రోడ్డు మీద పడ్డాక నేను ఆటో ఎక్కాను.